నేను రాసిన మంచు కొండ చరిత్ర

ఇది నాలో ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. గొంతుకి కింద, గుండెకి పైన. అన్నం తినేటప్పుడు తెలియదు. నవ్వేటప్పుడు తెలుస్తుంది. ఎవరైనా నన్ను నమ్మకమైన మనిషివి అన్నప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముఖం చూపించి చెప్పాల్సిన మాట ముఖం దాచుకుని చెప్తున్నానని తెలుసు. అయినా చెప్పనివ్వండి. ఇలాగైనా చెప్పకపోతే ఇక చెప్పలేను.

నేనొక అబద్ధం రాశాను. ఒక మనిషి పనిలో ఉండగా తాగి, చూసుకోవలసింది చూసుకోక, ఒక యువకుడి చావుకి కారణమయ్యాడని రాశాను. ఆ మనిషి నిజంగా ఉన్నాడు. పేరుతో సహా రాశాను. మిగతాదంతా నేను కల్పించినది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ ఊరు చూడలేదు. అప్పటికి నేను మంచు కూడా చూడలేదు, ఫ్రిజ్‌లో పేరుకున్నది తప్ప.

తర్వాత ఆ నేరాన్ని ఇంకొకరి మీదికి తోశాను. అది రెండోది. రెండూ కలిపి చెప్తేనే నేనేమిటో మీకు అర్థమవుతుంది.

డాట్‌కామ్‌ల కాలంలో సింగపూర్ వచ్చాను. కంప్యూటర్ ముందు కూర్చోగలిగిన ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకచోట కుర్చీ దొరుకుతున్న రోజులు. నాకు ప్రోగ్రాములు రాయడం అంతంత మాత్రం. ఇంగ్లీషు మాత్రం బాగా వచ్చు. దాని మీదే ఒక చిన్న కంపెనీలో చేరాను. ప్రపంచంలోని వింత ప్రదేశాల గురించి రాసే ట్రావెల్ వెబ్‌సైటు అది. క్లెమెంటి అనే పేటకి బస్సులో పది నిమిషాల దూరం, ఒక ఫ్యాక్టరీ బిల్డింగ్‌లో మూడో అంతస్తు. కింద ఇనుము కోసే వర్క్‌షాపు ఉండేది. ఆ చప్పుడులోనే హిమాలయాల గురించి, ఎడారుల గురించి రాసేవాళ్ళం.

కంపెనీ యజమాని నాయుడు గారు. మలేషియాలో పుట్టిన తెలుగాయన. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు కూలీలుగా వెళ్ళారట. ఆయన తెలుగు వింటే మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఇష్టమైంది. ఎప్పుడో ఆగిపోయిన పాత తెలుగులో మలయ్ మాటలు, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా'లు. మంచి మనిషే. అప్పులు చేసి కంపెనీ పెట్టాడు. భయంలో ఉన్న మంచి మనిషి.

రెహానా నాతోపాటే చేరింది. హైదరాబాదీ అమ్మాయి. రెహానా అసలు పేరు కాదు, ఆ పేరు రాసే హక్కు నాకు లేదు. ఇద్దరం క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో గది తీసుకున్నాం. వంట చేసుకోవచ్చు గానీ తాలింపు వేయకూడదని ఓనర్ ఆంటీ షరతు. ఆంటీ మార్కెట్‌కి వెళ్ళిన అరగంటలో కిటికీలన్నీ తీసి, ఫ్యాన్లన్నీ పెట్టి, రెహానా ఖట్టీ దాల్‌కి బఘార్ వేసేది. వెల్లుల్లి వేగుతుంటే నేను లిఫ్టు దగ్గర కాపలా. ఈ ఊళ్ళో నేను అంతగా నవ్విన రోజులు మళ్ళీ రాలేదు.

ఆఫీసులో పని మా ఇద్దరి మధ్య పంచారు. వివరాలు సేకరించడం రెహానా వంతు, వాటిని చదివించేలా రాయడం నా వంతు. రెహానా పద్ధతైన మనిషి. ఎక్కడెక్కడి టూరిస్టు ఆఫీసులకో మెయిల్స్ పెట్టేది, ఫోన్లు చేసేది. ఆమెకి దొరకనిది ఉంటే 'దొరకలేదు' అని రాసి ఇచ్చేది.

వదిలేసిన ఆటస్థలాల గురించి వ్యాసాల వరస ఒకటి మొదలుపెట్టినప్పుడు వచ్చింది ఆ కొండ. నార్వేలో ఒక చిన్న ఊరిది. స్కీ జంప్ కొండ అంటే మన వాళ్ళకి కొంచెం చెప్పాలి. కొండ నెత్తి మీద ఒక ఎత్తైన కట్టడం, దాని మీంచి కిందికి పొడవాటి జారుడు దారి. కాళ్ళకి స్కీలు కట్టుకుని జారుకుంటూ వచ్చి, దారి తెగిన చోట గాల్లోకి లేచి, పక్షిలా వంగి, ఎక్కడో కింద మంచు వాలు మీద దిగుతారు. ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్ళది గెలుపు. రెహానా తెచ్చిన ఫోటోలో ఆ కట్టడం తుప్పుపట్టి, దాని కాళ్ళ మధ్య చెట్లు మొలిచి ఉన్నాయి. ఊరివాళ్ళు కలప మోసి కట్టుకున్నారట. చాలా ఏళ్ళు పోటీలు జరిగాయట. తర్వాత మూసేశారట. ఎందుకు మూశారో ఆమెకి దొరకలేదు. ఆ కొండని ముప్పై ఏళ్ళు చూసుకున్న మనిషి పేరు మాత్రం ఒక పాత టూరిస్టు పుస్తకంలో దొరికింది. ఉదయాన్నే వాలు మీద మంచు చదును చేసి, దిగడానికి బాగుందో లేదో ఆయనే చూసేవాడట. ఆయన్ని ఇక్కడ పెద్దాయన అంటాను.

ఉన్నది ఉన్నట్టు రాశాను. నమ్మండి, మొదట ఉన్నది ఉన్నట్టే రాశాను.

నాయుడు గారు చదివి కళ్ళజోడు తీశాడు.

“ఇది ఏటమ్మా ఇలాగుంది? కట్టేరు, ఎగిరేరు, మూసేసేరు. అంతేనా? ఎందుకు మూసేరో లేదు. ఎవులైనా చచ్చేరా?”

“తెలీదు సర్. రెహానాకి దొరకలేదు.”

“దొరకాలి లా. ఇలాటిది ఎవులు చదువుతారు? జనం చదవకపోతే ఎడ్వర్టైజ్‌మెంట్లు రావు. రాకపోతే నిన్నెలా ఉంచీది నేను?”

ఆయన బెదిరించలేదు. నిజం చెప్పాడు. అప్పటికే వారానికొక కుర్చీ ఖాళీ అవుతోంది. డిజైన్ చేసే చైనీస్ అబ్బాయి పోయాడు, ఫిలిపీన్స్ అమ్మాయి పోయింది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది. పాస్ పోతే ఊరికి.

నేను ఊరికి పోలేను. ఎందుకు పోలేనో చెప్పాలి, చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. సాకుగా చెప్పడం లేదు. సాకు అనిపిస్తే అనిపించనివ్వండి.

మాది కర్నూలు వైపు. మా నాన్న ఒక జిన్నింగ్ మిల్లులో మిషన్లు నడిపేవాడు. తాగేవాడు. ఒకరోజు పనిలోకి తాగి వెళ్ళాడు. ఆపాల్సిన మిషన్ ఆపలేదు. పక్కన పత్తి లాగుతున్న మనిషి చెయ్యి పోయింది. ఆయన భార్య మా గుమ్మం ముందుకొచ్చి ఏమీ అనకుండా కూర్చుంది. తిట్టలేదు. ఊరికే కూర్చుంది. ఆ తర్వాత నాకు పేరు లేదు ఆ ఊళ్ళో. 'ఫలానా తాగుబోతోని కూతురు' అంతే. బడిలో, కొట్టు దగ్గర, బస్సులో. కొట్టాయన చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టేవాడు. నాన్న పోయాక కూడా ఆ పేరు పోలేదు. సింగపూర్ నాకు డబ్బు కోసం కాదు. ఇక్కడ నేనెవరి కూతురినో ఎవరికీ తెలియదు. అదీ సుఖం.

ఆ మధ్యాహ్నం నా సీటుకి తిరిగి వచ్చి కూర్చున్నాను. కింద ఇనుము కోస్తున్నారు. తెర మీద పెద్దాయన పేరు ఉంది. ఎందుకు మూశారో ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి మా నాన్న నడిచి వచ్చాడు. ఆలోచించి రాశానని చెప్పలేను. చేతులు రాసుకుపోయాయి. కోటు జేబులో సీసా. తెల్లవారుజాము చలి. చదును చేయని గడ్డమంచు. పెళ్ళి కుదిరిన యువకుడు, పైనుంచి లేచినవాడు, కింద సరిగా దిగలేదు. కొండ అప్పుడే మూతపడింది. మా నాన్న తప్పు అంతా తీసి, శుభ్రంగా తుడిచి, మంచు కప్పి, ఎక్కడో ఉన్న ఒక ముసలాయన చేతిలో పెట్టాను. పేరు తీసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించలేదని అబద్ధమాడను. పేరుంటే నిజంలా ఉంటుందని ఉంచేశాను.

ఆ రోజు నాకు బాధ కలగలేదు. మీకు ఇది చెప్పడం కష్టంగా ఉంది. తేలిగ్గా అనిపించింది. చాలా ఏళ్ళకి ఏదో దించుకున్నట్టు.

నాయుడు గారు చదివి బల్ల మీద చరిచాడు. “ఇదీ! ఇలాగుండాలి లా!” ఆ పేజీ జనం బాగా చదివారు. ఇంకెవరో తమ సైట్లలో పెట్టుకున్నారు. నా కుర్చీ నిలబడింది.

ఆ సాయంత్రం బస్సులో రెహానా అడిగింది.

“ఆ యాక్సిడెంట్ ముచ్చట ఏడ దొరికిందే నీకు? నేనిచ్చిన దాంట్ల లేకుండె.”

“వేరే సైట్‌లో చూసినాలే.”

“ఏ సైట్? చెప్పు, నేను గూడ చూస్త. ఒకసారి ఆ ఊరోళ్ళకు మెయిల్ కొట్టి అడుగుదాం.”

“తర్వాత చెప్తాలేబ్బా. తల నొస్తాంది.”

మళ్ళీ అడిగింది ఒకసారి. మళ్ళీ తర్వాత చెప్తానన్నాను. ఆమె నన్ను అనుమానించలేదు. తలనొప్పి అన్నందుకు ఇంటికి రాగానే అల్లం టీ పెట్టింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఎండకి కందిన ముఖం, మట్టి కొట్టుకున్న సేఫ్టీ బూట్లు. జురాంగ్ ఐలాండ్‌లో ఏదో ప్లాంటు కడుతుంటే కొద్ది నెలల పని మీద వచ్చిన ఇంజినీరు. బూన్ లే దగ్గర ఉంటోందట. మా పేజీ అడుగున కంపెనీ చిరునామా ఉంటుంది. అది చూసి, ఇదే ఊళ్ళో ఉన్నాను కదా అని బస్సెక్కి వచ్చింది. చేతిలో మా పేజీ ప్రింటు ఉంది.

రెహానా ఆ రోజు లేదు. పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. నాయుడు గారు ఆవిడని కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. ముగ్గురం చిన్న గదిలో కూర్చున్నాం. ఆవిడ ఇంగ్లీషులో నిదానంగా మాట్లాడింది. ఒక్కో మాటా వెతుక్కుని, సరైనదేనా అని చూసుకుని పెట్టినట్టు. ఆ మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

“ఇది రాసింది ఎవరు?”

“ఒకరని కాదండీ,” అన్నాను. “కంపెనీ తరఫున రాస్తాం.”

“ఇందులో ఉన్న పేరు మా నాన్నది.”

నేను ప్రింటు వైపు చూశాను, అందులో ఏముందో నాకు తెలియనట్టు.

“ఆ కొండ మీద ఎవరూ చనిపోలేదు,” అందావిడ. “నేను అక్కడే పెరిగాను. ఒకతను కాలు విరగ్గొట్టుకున్నాడు, అంతే. శీతాకాలాల్లో మంచు సరిగా పడటం తగ్గింది. పక్క పట్నంలో కొత్త కొండ కట్టారు. అందుకని మాది మూసేశారు. మూసిన రోజు ఊరివాళ్ళమంతా వెళ్ళి పైన కాఫీ తాగి వచ్చాం. ఇంకే కథా లేదు. మా నాన్న మందు ముట్టడు. ఆయనకి పడదు.”

నాయుడు గారు సారీ అన్నాడు. ఆవిడ విన్నట్టు లేదు.

“ఇప్పుడాయన పక్క పట్నంలో ఉంటాడు. కొత్త కొండ మీద పిల్లలకి ఎగరడం నేర్పేవాడు. ఆయనకి మిగిలింది అదే. ఆ పిల్లల తల్లిదండ్రులెవరో ఇది చదివారు. ప్రింటు తీసి పంచారు. ఇక రావద్దని మర్యాదగా చెప్పారు. ఆయన మొదట నవ్వాడు. చనిపోయిన వాడి పేరు చెప్పండి అన్నాడు. చెప్పలేకపోయారు. అయినా రావద్దన్నారు. ఇంటర్నెట్‌లో ఉంది కదా అన్నారు.”

ఆవిడ ముందుకి వంగింది. గొంతు పెంచలేదు. బతిమాలుతున్నట్టు మాట్లాడింది. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది.

“మీకు ఇది ఎవరు చెప్పారు? అది తెలిస్తే చాలు. మీ మీద కేసు పెట్టడానికి రాలేదు. మా ఊళ్ళో ఎవరో తన మీద కక్షతో చెప్పారని ఆయన నమ్ముతున్నాడు. ఎవరా అని రోజంతా అదే ఆలోచన. నలభై ఏళ్ళ స్నేహితుల ఇళ్ళకి వెళ్ళడం మానేశాడు. ఎవరు పలకరించినా వీడేనా అని చూస్తాడు. పేరు చెప్పండి. ఒక్క పేరు. అది ఆయనకి ఫోన్ చేసి చెప్తాను.”

ఎవరూ చెప్పలేదండీ. నేనే కల్పించాను. ఇంతే అనాలి. ఆ మాట అని ఉంటే ఆ రాత్రికే ఆ ముసలాయనకి ఊరంతా తిరిగి దక్కేది. తన స్నేహితుల్లో ఎవరూ ద్రోహి కాదని తెలిసేది. నా నాలుక చివర ఉంది ఆ మాట. ఎందుకు అనలేదు?

ఆవిడ నావైపు చూసి అంది, “మీకు తెలియదు. మన నాన్నని ఒక ఊరు అలా చూస్తుంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు.”

నాకు తెలుసు. ఈ భూమ్మీద ఎవరికైనా తెలుసంటే నాకు తెలుసు. ఆ గదిలో ఎదురెదురుగా ఇద్దరు కూతుళ్ళం కూర్చున్నాం. ఒకరి తండ్రి ఆ తప్పు చేశాడు, ఒకరి తండ్రి చేయలేదు. చేసిన వాడి కూతురు తల వంచుకుని, “ఐయాం సారీ, నాకేం తెలియదు,” అంది.

అప్పుడు నాయుడు గారు నావైపు తిరిగి, ఆవిడకి అర్థం కాకూడదని తెలుగులో అడిగాడు.

“ఈ వివరాలు ఎవులు తెచ్చేరమ్మా?”

“రెహానా తెచ్చింది సర్.”

అది నిజం. వివరాలు తెచ్చేది రెహానానే. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు ఆ వాక్యంలో. అంత శుభ్రమైన వాక్యంతో అంత పాపం చేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నాయుడు గారు ఇంగ్లీషులో చెప్పాడు, వివరాలు సేకరించిన స్టాఫ్ ఇవాళ లేదనీ, విచారిస్తామనీ, పేజీ ఇప్పుడే తీసేస్తామనీ. పేజీ తీసేశారు. తప్పు జరిగిందని ఒక సవరణ పెట్టమని ఆవిడ అడిగింది. సరేనన్నాడు. ఆ సవరణ రాయాల్సింది నేనే. రాయలేదు. ఇవాళ, రేపు అన్నాను. అడిగేంత ఓపిక ఎవరికీ లేకపోయింది. వెళ్ళేటప్పుడు ఆవిడ ఆ ప్రింటు బల్ల మీదే వదిలేసింది. తలుపు దగ్గర ఆగి నన్నొకసారి చూసింది. ఆవిడకి తెలిసిందా? తెలియదనుకుని కొన్నేళ్ళు బతికాను. తెలిసే ఉంటుందనుకుని మిగతా ఏళ్ళు.

మర్నాడు రెహానా బుగ్గ వాచి ఉండగానే ఆఫీసుకి వచ్చింది. నాయుడు గారు గదిలోకి పిలిచాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఎలాగూ ఎవరో ఒకరిని తీసేయాలి, ఇప్పుడు కారణం దొరికింది. బయటికి వచ్చి డ్రాయరు ఖాళీ చేసుకుంది. గదికి వచ్చాక అడిగింది.

“నేను తప్పుడు ముచ్చట తెచ్చినా అంటుండు సార్. నేను తేలేదే ఆ యాక్సిడెంట్. నువ్వే గద వేరే సైట్ల చూసిన అన్నవ్?”

“ఆ సైట్ ఇప్పుడు కనపడ్డంలే రెహానా.”

“నువ్వు నిన్న ఏం చెప్పినవ్ వాళ్ళకి?”

“నేనేం చెప్పలేదు.”

నా కళ్ళలోకి చూసింది. తర్వాత తల ఊపింది. నమ్మింది. దేవుడా, నమ్మేసింది. “నీది గూడ పోతుండె, గమ్మునున్నవ్, మంచిగైంది,” అంది. “ఇద్దరం పోయి ఏం చేస్తం?”

కొద్ది రోజుల్లోనే రెహానా దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళ అమ్మకి ఏం చెప్పాలో తెలియక, విమానం ఎక్కేదాకా చెప్పనే లేదు. వెళ్ళేటప్పుడు తన రైస్ కుక్కర్ నాకిచ్చింది. నా సూట్‌కేస్‌లో పట్టదే, నువ్వు వాడుకో అంది. ఛాంగీ ఎయిర్‌పోర్టులో గేటు దాకా వెళ్ళాను. నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు దేనికో ఆమె అనుకున్నది వేరు. కొన్నాళ్ళు మెయిల్స్ రాసింది. ఉద్యోగం దొరకలేదంది, ఇంటర్వ్యూల్లో ఎందుకు తీసేశారని అడుగుతున్నారంది. తర్వాత ఏదో చిన్న స్కూల్లో చేరానంది. నేను జవాబులు తగ్గించాను. ఆమె మంచితనం చదవలేకపోయాను. చివరికి మానేశాను. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం.

మా కంపెనీ కూడా కొద్ది నెలల్లో మూతపడింది. నాకు ఇంకో ఉద్యోగం దొరికింది, తర్వాత ఇంకోటి, పెళ్ళి, పాప, ఇల్లు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాస్తాను. ఒక్కో వాక్యం రెండుసార్లు సరిచూసుకుంటానని ఆఫీసులో పేరు.

పేజీ తీసేసినా కథ పోలేదు. తమ సైట్లలోకి ఎత్తుకున్నవాళ్ళ దగ్గర ఉండిపోయింది. వాళ్ళ నుంచి ఇంకొకరు తీసుకున్నారు. అప్పుడప్పుడు ఆ కొండ పేరు కొట్టి చూసేదాన్ని. ప్రతిసారీ ఇంకో చోట ఉండేది. ఇంకొన్ని వివరాలు కలిసి ఉండేవి. నేను చంపిన యువకుడికి ఎవరో పేరు కూడా పెట్టారు. ఒకసారి తెగించి ఒక సైట్‌కి రాశాను, ఇది తప్పు, అక్కడ ఎవరూ చనిపోలేదు అని. ఆధారం చూపించమన్నారు. ఏం చూపించను? నేనే ఆధారం. నా పేరు చెప్పి, నేనే కల్పించానని రాయాలి. జవాబు రాసే పెట్టె తెరిచి కూర్చున్నాను. పేరు టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ చేశాను. మా ఆయన పక్క గదిలో ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతున్నాడు. కిటికీ మూసేసినట్టు ఆ పేజీ మూసేశాను.

ఇలా ఇంకెన్నాళ్ళైనా గడిపేసి ఉండేదాన్నేమో. పోయిన నెల ఒకటి జరిగింది.

మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు. మరిచిపోయిన ప్రదేశాల మీద ఏదో. రాత్రి భోజనాల దగ్గర తను ఎంచుకున్నది చూపించింది. టాబ్లెట్‌లో ఆ ఫోటో. తుప్పుపట్టిన కట్టడం, కాళ్ళ మధ్య చెట్లు.

“అమ్మా, దిస్ వన్ సో సాడ్ లా,” అంది. “ఆ కేర్‌టేకర్ అంకుల్ తాగేశాడంట. ఆ అన్నయ్యకి మ్యారేజ్ కూడా ఫిక్స్ అయిందంట. విను, చదువుతా.”

చదివింది. ఇంగ్లీషులో. 'ఆ ఉదయం, మంచు కంటే ముందు మనిషి జారాడు' అని ఒక వాక్యం. అది నాది. ఇన్ని చేతులు మారినా ఒక్క కామా కూడా కదల్లేదు. రాసిన రోజు ఆ వాక్యం చూసుకుని నేను మురిసిపోయాను కూడా. మా ఆయన పప్పు కలుపుకుంటూ, “తాగుబోతులతో ఎప్పుడూ ఇంతే,” అన్నాడు.

నా కూతురి నోట్లోంచి మా నాన్న తప్పు, ఇంకొకరి పేరుతో, నా మాటల్లో వస్తోంది. ఆ పిల్లకి వాళ్ళ తాత సంగతి తెలియదు. నేను చెప్పలేదు. ఆయన గుండె జబ్బుతో పోయాడని మాత్రం చెప్పాను.

ఆపమని ఎందుకు అనలేదు? 'అది అబద్ధం, కన్నా' అనడానికి ఎంత గాలి కావాలి? వేరే టాపిక్ తీసుకోమన్నాను. “వై? దిస్ వన్ నైస్ వాట్, బాగుంది కదా,” అంది. టీచరుకి కూడా నచ్చిందంది. లేచి గిన్నెలు తీసుకెళ్ళి సింక్‌లో వేసి నీళ్ళు వదిలాను. వారం తర్వాత తను క్లాసులో నిలబడి అదంతా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారట. ఇప్పుడు ఆ గదిలో ఉన్న పిల్లలందరికీ ఆ పెద్దాయన తాగుబోతు.

ఆయన బతికి లేడేమో. అప్పటికే పెద్ద వయసు. ఎవరు చెప్పారా అని వెతుక్కుంటూనే పోయి ఉంటాడా? చివరి రోజుల్లో స్నేహితుల్ని దగ్గరికి రానిచ్చాడా? ఆయన కూతురు ఫోన్ చేసి ఏం చెప్పి ఉంటుంది, సింగపూర్‌లో అడిగాను నాన్నా, చెప్పలేదు అనా? ఈ ప్రశ్నలకి జవాబులు దొరికే చోటు నాకు తెలుసు. అక్కడికి ఒక ఫోన్ దూరం. చేయలేదు. మీరు నన్ను పిరికిదాన్ననుకుంటే సరిగ్గానే అనుకుంటున్నారు. ఇక్కడ కూడా ఆ ఊరి పేరు రాయలేదు, గమనించే ఉంటారు. పేరు లేకుండా ఈ దిద్దుబాటు ఎవరికి ఉపయోగం? ఎవరికీ లేదు. ఆ సంగతి కూడా నాకు తెలుసు. రేపు రాస్తానేమో. రాస్తానని మాట ఇవ్వను. నా మాటలకి విలువ ఎంతో మీరు ఇప్పటిదాకా చదివారు.

ఒక్కటి మాత్రం చేయగలను. ఆ గదిలో ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పగలను. ఆలస్యమైంది, చెప్పాల్సిన మనిషికి కాక ఇంకొకరికి చెప్తున్నాను, తెలుసు.

మీ ఊళ్ళో ఎవరూ ఏమీ చెప్పలేదు. మీ నాన్న స్నేహితుల్లో ఎవరూ ఆయనకి ద్రోహం చేయలేదు. ఆ కొండ మీద ఎవరూ చావలేదు. ఆయన తాగలేదు. రెహానా ఏ తప్పూ చేయలేదు. ఆ కథ కల్పించింది నేను. పని పోతుందని, ఊరికి పోవాలని భయపడి కల్పించాను. ఆ తర్వాత అదే భయంతో నోరు మూసుకున్నాను.

రాసింది మళ్ళీ చదువుకున్నాను. ఏమీ మారలేదు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మా అమ్మాయి లోపల నిద్రపోతోంది. రేపు పొద్దున లేచి తనకి టిఫిన్ బాక్స్ కట్టాలి. అయినా ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను చేసింది నా పక్కన, తెల్ల కాగితం మీద, నల్లగా ఉంది. ఆ తప్పు మీద ఇంకొకరి పేరు లేదు. ప్రస్తుతానికి నాకున్న నిజం ఇంతే.